కూర్మమ్మ వాంగ్మూలం

గడ్డకట్టిన వంజరం చేప ఎంత గట్టిగా ఉంటుందో తెలియనివాళ్లకి ఈ సంగతి నవ్వులాటగా తోస్తుంది. మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో అది తెలియనివాడు లేడు, అయినా నవ్వారు. గురువారం పొద్దున్న చేపల ఫ్యాక్టరీలో కూర్మమ్మ సూపర్‌వైజర్‌ని చేపతో కొట్టిందన్న కబురు మధ్యాహ్నానికల్లా పడవలరేవు దగ్గర టీకొట్ల దాకా పాకింది. చేపని తలవైపు పట్టుకుందా, తోకవైపు పట్టుకుందా అని అక్కడ పనిలేనివాళ్లు చాలాసేపు వాదులాడుకున్నారు.

తోకవైపే పట్టుకుంది. తర్షిణి కళ్లారా చూసింది. ఆమె కూర్చునే హెచ్ ఆర్ గది పై అంతస్తులో ఉంటుంది. గోడకున్న పెద్ద అద్దంలోంచి కింద పనిచేసే హాలంతా కనిపిస్తుంది. స్టీలు బల్లల వెంట ఆడవాళ్లు నీలం ఏప్రాన్లు కట్టుకుని, తెల్ల రబ్బరు బూట్లు వేసుకుని చేపలు కోస్తుంటారు. బల్లల చివర ఐసునీళ్ల తొట్టి. గురువారం పొద్దున్న తర్షిణి కాఫీ కప్పు పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజర్ వినోద్‌కుమార్ కోత లైన్లో పనిచేసే తనూష మెడ వెనక పట్టుకుని ఆ పిల్ల ముఖాన్ని తొట్టిలో ముంచుతున్నాడు.

అది కొత్తేమీ కాదు. పనిలో మందంగా ఉన్నవాళ్లకీ, తూగేవాళ్లకీ అతను ఇచ్చే మర్యాద అది. దానికి 'చూచి మూకా' అని మలాయ్‌లో ముద్దుపేరు పెట్టుకున్నాడు. అంటే ముఖం కడగడం. ముంచి, తీసి, పకపకా నవ్వి పోతాడు. ఈసారి తియ్యలేదు. తనూష చేతులు తొట్టి అంచుని టపటపా కొడుతున్నాయి. ఆమె టోపీ ఊడి ఐసుమీద తేలుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకుని కోత సాగిస్తున్నారు. కూర్మమ్మ ఒక్కతే ఆగింది. చేతిలో కత్తిని బల్లమీద పెట్టింది. పెట్టి, కత్తి దొర్లిపోకుండా పిడిని గోడవైపు తిప్పింది. పక్కనున్న పెట్టెలోంచి ఒక చేప తీసింది. అది తేలిగ్గా ఉందనుకుందో ఏమో, దాన్ని వదిలేసి ఇంకోటి తీసింది. రెండు చేతులతో తోక పట్టుకుని నడిచి వచ్చి, వినోద్‌కుమార్ ముఖంమీద అడ్డంగా కొట్టింది.

అద్దం వెనక చప్పుడు వినిపించలేదు. వినోద్‌కుమార్ తనూషని వదిలి మోకాళ్లమీద కూలబడ్డాడు. లేవబోతే కూర్మమ్మ మళ్లీ కొట్టింది, ఈసారి భుజంమీద. అతను పక్కకి ఒరిగి ఐసు కుప్పమీద పడ్డాడు. ముక్కులోంచీ నోట్లోంచీ కారిన రక్తం ఐసుముక్కల సందుల్లోంచి కిందికి దిగింది. ఒక పన్ను విడిగా పడి ఉంది. తనూష నేలమీద కూర్చుని నీళ్లు కక్కుతోంది. ఆపేవాళ్లు లేక చేపలు మోసే బెల్టు అలాగే కదులుతుంటే చేపలు చివరిదాకా పోయి ఒక్కొక్కటే నేలమీద పడుతున్నాయి. కూర్మమ్మ చేతిలోని చేపని నీళ్లతో కడిగింది. తిరిగి పెట్టెలో పెట్టింది.

తర్షిణి కిందికి దిగింది. కానీ అంతా అయిపోయాక దిగింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఆమె మాత్రం గమనించుకుంది.

మధ్యాహ్నం మేనేజర్ చూ పిలిచాడు. ఫ్యాక్టరీ వాళ్ల నాన్నది. మంచి మనిషే, గొంతు పెంచడు.

"సోమవారం లోపలి విచారణ పెట్టేద్దాం. నేను అధ్యక్షుణ్ణి. కంపెనీ తరపున నేరం నిరూపించేది నువ్వు."

"నేనా?"

"ఇంకెవరు? ఇపో పట్నంలో మాస్టర్స్ చదువుతున్నావు కదా, ఆర్గనైజేషనల్ బిహేవియర్, హెచ్ ఆర్ అని. కంపెనీయే కదా చదివిస్తోంది? వచ్చే ఏడాదికి డిగ్రీ వస్తుంది, అప్పుడు నువ్వే హెచ్ ఆర్ మేనేజర్‌వి. కాస్త పనికి రానీ లాహ్," అని ఊళ్లో అందరిలాగే మాట చివర 'లాహ్' తగిలించాడు.

"తనూషని అతను నీళ్లలో ముంచాడు, మిస్టర్ చూ."

"అది వేరే సంగతి. దానికి వేరే ఫిర్యాదు కావాలి. ఫిర్యాదు ఉందా?"

ఫిర్యాదు లేదు. కాగితంమీద లేదు.

శుక్రవారం ఆమె తనూష కోసం తెలుక్ ఇంతాన్‌కి ఫోన్ చేసింది. ఆ పిల్ల వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లిపోయిందట. పిన్ని ఎత్తి, "పిల్ల రాదు, సాక్షం సెప్పదు, మమ్మల్ని ఒగ్గేయండి," అని పెట్టేసింది. లైన్లో పనిచేసే మిగతా ఆడవాళ్లని ఒక్కొక్కరినే పైకి పిలిచి అడిగింది. ఒకామె కోస్తూ ఉంది, తల ఎత్తలేదట. ఇంకొకామె అప్పుడే ఐసు తేవడానికి వెళ్లిందట. అందరూ అద్దంవైపు ఒకసారి చూసి, తర్షిణి వైపు చూసి, వెళ్లిపోయారు.

సాయంత్రం వినోద్‌కుమార్ వాంగ్మూలం రాసుకోవడానికి వాళ్లింటికి వెళ్లింది. తెలుగు సంఘంలో చురుకైనవాడు, ఉగాదికి మైకు పట్టుకునేది అతనే. ముక్కుమీద అడ్డంగా పెద్ద పట్టీ, కళ్లకింద నీలం. మాట ముక్కులోంచి వస్తోంది.

"ఆ ముసల్దాన్ని పెద్దమ్మా పెద్దమ్మా అని పిలిసినాను తర్షిణీ. ఇదీ నాకు మర్యాద!"

"తనూషని ఎంతసేపు ముంచినావు?"

"ముంచినానేటి? సరదాకి లాహ్. ఊరికే ఇలా పట్టుకున్నాను. పుష్పా, ఇలా రా."

అతని భార్య పుష్పవల్లి మైలో చాక్లెట్ పానీయం కప్పులున్న ట్రేతో వచ్చింది. అతను కూర్చున్నచోటినుంచే లేచి, ఆమె మెడ వెనక చెయ్యి వేసి, కిందికి వంచాడు. "ఇలా. అంతే కదా?" అన్నాడు. పుష్పవల్లి నడుం దగ్గరికి వంగిపోయింది. ట్రే మాత్రం వంగలేదు. కప్పుల్లోంచి ఒక్క చుక్క తొణకలేదు. అతను వదిలాక నిలబడి, "తాగండక్కా," అంది. తర్షిణి ఆ మైలో తాగలేకపోయింది. ఎన్నిసార్లు వంగితే అలా తొణకకుండా పట్టుకోవడం అలవాటవుతుందోనని దారంతా అదే ఆలోచన.

శనివారం ఇపోలో క్లాసు. వారమంతా ఉద్యోగాలు చేసి శనివారం పొద్దున్నే వచ్చే జనం కాబట్టి సగంమంది కళ్లు మూతలు పడుతుంటాయి. మొదటి గంటంతా నాసీ లెమాక్ కొబ్బరన్నం పొట్లాల వాసన. పాఠం చెప్పే డాక్టర్ వీణ హైదరాబాదు నుంచి వచ్చి మూడు నాలుగేళ్లయింది. చురుకైన మనిషి, తెలివైన మనిషి, నిద్రపోయేవాణ్ణి కూడా నవ్వించి లేపగలదు. తాతలనాడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తర్షిణి తెలుగంటే ఆవిడకి ఒక వినోదం.

"మీ భాష భలే ముద్దొస్తుంది తర్షిణీ. మా దగ్గర ఇలా మాట్లాడేవాళ్లు ఎక్కడున్నారు చెప్పు!" అంటుంటుంది.

ఆరోజు పాఠం పనిచోట కోపం. ఎవరి ఆఫీసులో జరిగిన గొడవని వాళ్లు పేర్లు మార్చి తేవాలి, దాన్ని క్లాసులో ఆడి చూపించాలి. తర్షిణి తనది తెచ్చింది. ఫ్యాక్టరీ పేరు తీసేసింది, చేప తీసేసింది, కూర్మమ్మని 'వర్కర్ ఎ' చేసింది. వీణ చదివి చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వు ఎలాగూ కంపెనీ మనిషివి, అటువైపు నీకు తెలుసు. ఇవాళ వర్కర్‌గా నువ్వు ఉండు. సూపర్‌వైజర్ ఎవరు? శివనేశన్, రండి."

శివనేశన్ తైపింగ్ దగ్గర ఒక గ్లోవ్స్ కంపెనీలో హెచ్ ఆర్ మేనేజర్. భారీ మనిషి, సాధువు. ఎవరి పుట్టినరోజైనా కేకు తెచ్చేది ఆయనే. మొదట కాగితం చూస్తూ చదివాడు. రెండు మాటలకి క్లాసు నవ్వింది. నవ్వేసరికి ఆయనకి హుషారొచ్చింది. కాగితం పక్కన పడేశాడు. "ఏంటి నిద్రా? జీతం నిద్రపోవడానికా?" అని తమిళంలో అరిచాడు. బల్ల చుట్టూ తిరిగి తర్షిణి వెనక్కి వచ్చాడు. "చూచి మూకా!" అంటూ ఆమె మెడమీద చెయ్యి వేసి బల్లమీదికి వంచాడు.

గట్టిగా వంచలేదు. ఆయనకి ఆడపిల్లలున్నారు, ఎంత వత్తాలో తెలుసు. కానీ చెంప బల్లకి తగిలింది. ఏసీకి బల్ల చల్లగా ఉంది. క్లాసులో ఎవరో ఇంకా నవ్వుతున్నారు. తర్షిణికి తన మెడమీద వేళ్లు, ఆ వేళ్ల వెనక ఉన్న బరువు తప్ప ఇంకేమీ తెలియలేదు. చేతికి అందిన స్టీలు ఫ్లాస్కు తీసుకుని వెనక్కి తిరిగి ఆయన ముఖంమీద కొట్టింది.

కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి, అక్కణ్ణించి తెల్లచొక్కామీదికి జారింది. శివనేశన్ "అయ్యో" అని మాత్రం అన్నాడు. తర్షిణి రెండోసారి ఫ్లాస్కు ఎత్తింది. పక్కనున్న ఇద్దరు లేచి ఆమె మణికట్టు పట్టుకోబట్టి ఆ దెబ్బ పడలేదు. పట్టుకున్నవాళ్లని కూడా ఆమె విదిలించి కొట్టబోయింది. అప్పుడు చూసింది ఎదురుగా ఉన్నది ఎవరో.

శివనేశన్‌ని కింద క్లినిక్‌కి తీసుకెళ్లారు. తర్షిణి కుర్చీలో కూలబడింది. ఇక తన చదువైపోయిందనుకుంది. పోలీసులు వస్తారనుకుంది. డాక్టర్ వీణ నేలమీది రక్తాన్ని టిష్యూలతో తుడిపించి, అందరినీ కూర్చోమంది.

"ఎవరూ కంగారు పడొద్దు. ఇలాంటి క్షణం క్లాసులో మళ్లీ దొరకదు. వృథా చెయ్యొద్దు. ఏం గమనించారో రాయండి."

అందరూ పసుపురంగు చీటీలమీద రాసి బోర్డుకి అంటించారు. అధికారం. భయం. గౌరవం. శరీరానికి జ్ఞాపకం ఉంటుంది. ఒకాయన 'ట్రైనింగు లోపం' అని రాశాడు. బోర్డు పసుపుపచ్చగా నిండింది. గంట తిరగకముందే శివనేశన్ కుట్లు వేయించుకుని, వస్తూ వస్తూ అందరికీ తే తారిక్ అనే నురగ టీ పట్టించుకుని వచ్చాడు.

"అన్నా, నేను... నన్ను క్షమించండి," అంది తర్షిణి. ఏడుపొచ్చింది.

"పోనీ లెమ్మా. క్లాసే కదా. ఇంకెప్పుడూ సూపర్‌వైజర్ వేషం వెయ్యను, అంతే!" అని ఆయన నవ్వాడు. ఆయనతోపాటు క్లాసూ నవ్వింది.

వెళ్లేముందు వీణ ఆమె భుజంమీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్లలో ఇంత నిజమైన పార్టిసిపేషన్ నేను చూడలేదు. ఇదంతా ఒక పేపరుగా రాసివ్వు. ఇవాళ్టి మార్కులు నీకు పూర్తిగా వేసేస్తున్నాను."

తర్షిణి ఇపో నుంచి కారు నడుపుకుంటూ వచ్చింది. దారికి రెండువైపులా పామాయిల్ తోటలు. సిగ్గేసింది. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. ఒక్కరు కూడా తిట్టలేదు. సిగ్గు అడుగున ఇంకొకటి కూడా ఉందని ఆమెకి తెలుసు. ఆ దెబ్బ ఆమెకి నచ్చింది. ఎముకకి తగిలిన ఫ్లాస్కు అదురు ఇంకా అరచేతిలో ఉంది, అది పోవాలని ఆమెకి లేదు.

ఆదివారం కూర్మమ్మ ఇంటికి వెళ్లింది. వెళ్లకూడదు. రేపు ఆ మనిషి మీదే నేరం చదవాలి. అయినా వెళ్లింది.

కూర్మమ్మ పెరట్లో పీటమీద కూర్చుని కోడిని తయారుచేస్తోంది. మెడ తెగిన కోడి ఆఖరిసారి కొట్టుకున్న చోట మట్టి ఎర్రగా ఉంది. వేడినీళ్ల బకెట్లో ముంచి తీసి, ఈకలు పిడికిళ్లతో పీకుతోంది.

"ఏటే," అంది. ఫ్యాక్టరీని ఆమె మలాయ్‌లో కిలాంగ్ అనే అంటుంది. "ఆదోరం పూటా కిలాంగ్ పనేనా? కూకో. కూర తిని ఎల్దువు గానీ."

"పెద్దమ్మా, రేపు ఎంక్వైరీ కదా. నువ్వు ఒక్క మాట సెప్పు, సాలు లాహ్. కోపంలో ఒళ్లు తెల్లేదు, తప్పయింది, సారీ అను. మా సదువులో ఉంది అది. ఎవడైనా మరీ రెచ్చగొడితే, ఆ కోపంలో సేస్తే, శిచ్చ తగ్గించాలని. వార్నింగ్ లెటర్‌తో ఒగ్గేస్తారు. లేదంటే తీసేస్తారు. తీసేస్తే ఈ ఊల్లో ఇంకే కిలాంగ్‌లోనూ నీకు పని ఇవ్వరు."

"నాకు కోపం రాలేదు కదే."

"రాలేదా?"

"కోపం ఒస్తే కత్తి కింద పెట్టి ఎల్తానా ఏటి? కత్తయితే సచ్చిపోతాడు. ఆడు సావకూడదు. మరింక ఎవుల మెడా ముట్టకూడదు. అందికే సేప తీసినాను. మొదట తీసింది సిన్నది, అది పనికిరాదని మార్సినాను." కూర్మమ్మ కోడిని తిప్పి రెక్కలకింద పీకింది. "ఒళ్లు తెల్లేదని నానెందుకు సెప్పాల? నాకు తెలిసినంత బాగా ఆరోజు అక్కడ ఎవులికీ తెల్దు."

తర్షిణి కాలికి అంటిన తడి ఈకని తీసేసింది.

"తనూష నీ గదికి ఒచ్చింది కదా?" అంది కూర్మమ్మ తల ఎత్తకుండా. "రెండుసార్లు ఒచ్చిందట."

"ఒచ్చింది."

"ఏటన్నావు?"

"ఓపిక పట్టమన్నాను. ఆడితో మాటాడతానన్నాను."

"మాటాడినావా?"

"మాటాడినాను. సరదాకి అన్నాడు."

కూర్మమ్మ ఇంకో పిడికిలి ఈకలు పీకింది. తిడుతుందేమోనని తర్షిణి చూసింది. నిన్నటినుంచి తిట్టేవాళ్ల కోసమే ఆమె తిరుగుతోంది. చివరికి తానే చెప్పేసింది.

"నానూ ఒకల్ని కొట్టినాను పెద్దమ్మా. నిన్న. కాలేజీలో."

కూర్మమ్మ చేతులు ఆగాయి. "నువ్వా? ఏటితో?"

"నీళ్ల ఫ్లాస్కుతో. నాటకంలా ఆడమన్నారు. ఆయన సూపర్‌వైజర్, నాను నువ్వు. ఆయన మెడ పట్టుకున్నాడు, ఉత్తుత్తికే. కొట్టీసినాను."

"రగతం ఒచ్చిందా?"

"ఒచ్చింది. కుట్లు పడినాయి."

"మరి నీకేటి సేసినారు? ఎంక్వైరీ పెట్టినారా?"

"లేదు. మార్కులు ఏసినారు."

కూర్మమ్మ ఆమె ముఖంలోకి చూసింది. హాస్యం కాదని తెలిశాక నవ్వడం మొదలుపెట్టింది. తడి ఈకలు అంటుకున్న ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూ, పీటమీద ముందుకీ వెనక్కీ ఊగుతూ నవ్వింది. "అయితే నానూ ఆ సదువేదో సదూకోవలిసింది!" అంది. తర్షిణికి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలియలేదు. కూర్మమ్మ మళ్లీ కోడిని పట్టుకుంది. ఈసారి ఈకలతోపాటు చర్మం కూడా ఊడి వచ్చింది.

"రేపు నా తరపున ఎవులు మాటాడతారు?"

"ఎవులూ లేరు. ఎవులూ రామన్నారు."

"నాను తెలుగులో సెప్తే?"

"నీకు మలాయ్ ఒచ్చు కదా."

"ఒచ్చు. తెలుగులో సెప్తే ఏటవుద్ది?"

"నీ బాసలో సెప్పడానికి నీకు రూల్ ఉంది. అప్పుడు దాన్ని మలాయ్‌లో సెప్పాల. సెప్పే మనిషి ఇంకెవులూ లేరు. నానే సెప్పాల."

కూర్మమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నీకు తెలుగు సరిగా రాదు కదే."

"అర్దం అవుద్ది."

"అయితే తెలుగులోనే సెప్తాను," అని కూర్మమ్మ కోడిని పలకమీద పెట్టి కాళ్లు నరికింది.

సోమవారం మీటింగు గదిలో ఏసీ హోరు. బల్లకి ఒకవైపు అధ్యక్షుడు చూ, అతనికి అటూ ఇటూ అకౌంట్స్ నుంచి ఒకాయన, క్వాలిటీ విభాగం నుంచి ఒకామె. ఆ క్వాలిటీ ఆమే విచారణలో మాటలన్నీ ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తుంది. ఎదురుగా కూర్మమ్మ. పండగలకి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. పక్కగా ముక్కుపట్టీతో వినోద్‌కుమార్. తర్షిణి లేచి నేరం చదివింది. విధుల్లో ఉన్న పై అధికారిపై దాడి, ముక్కు ఎముక విరుగుట, ఒక దంతం కోల్పోవుట. మలాయ్‌లో ఆ మాటలు శుభ్రంగా, నీటుగా వినిపించాయి. తనూష పేరు అందులో ఎక్కడా లేదు. రాసింది తర్షిణే. అలా రాస్తేనే కంపెనీ తరపు పని అవుతుంది.

"నేరం ఒప్పుకుంటున్నావా, ఆంటీ?" అని చూ మర్యాదగానే అడిగాడు.

కూర్మమ్మ తర్షిణివైపు తిరిగి తెలుగులో చెప్పింది. "నా బాసలో మాటాడతానని సెప్పు."

"ఆవిడకి మలాయ్ వచ్చు," అన్నాడు అకౌంట్స్ ఆయన.

"రూల్ ఉంది," అంది తర్షిణి. "అడిగితే ఒప్పుకోవాలి. లేకపోతే రేపు లేబర్ ఆఫీసులో ఈ విచారణ చెల్లదు."

చూ ఆమెవైపు మెచ్చుకోలుగా చూశాడు. చదువు పనికొస్తోంది. "సరే. నువ్వే అనువాదం చెయ్యి. అధ్యక్షుడి ముందు ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. ఆవిడ 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే చెప్పు, రికార్డుకి అలాగే కావాలి."

కూర్మమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. కత్తి పట్టి పట్టి ఆ వేళ్లు పూర్తిగా చాచుకోవు.

"కొట్టినాను," అంది. "తెలిసే కొట్టినాను." గడ్డంతో తర్షిణిని చూపించింది. "ఎందుకో నీకు తెల్దా ఏటి? నువ్వే సెప్పు."

అంతే. పెదవులు మూసేసుకుంది.

గదిలో అందరూ తర్షిణివైపు చూశారు. క్వాలిటీ ఆమె వేళ్లు టైపు చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు రెండు ముక్కలు చెప్పి కూర్చోవచ్చు. నేరం ఒప్పుకుంది, తెలిసే చేసింది, ఇక వాదించేదేమీ లేదు. మధ్యాహ్నానికి పనిలోంచి తీసేసే ఉత్తరం టైపయిపోతుంది. వచ్చే ఏడాది డిగ్రీ వస్తుంది, మేనేజర్ల మూలగదిలో తనకి పెద్ద బల్ల వేస్తారు. తర్షిణికి భయం వేసింది. అయినా నోరు తెరిచింది.

"కొట్టాను," అంది మలాయ్‌లో. "తెలిసే కొట్టాను. చేతిలో కత్తి ఉంటే కింద పెట్టి, చేప తీసుకుని కొట్టాను. ఎందుకంటే అతను తనూష ముఖాన్ని ఐసునీళ్లలో ముంచి పట్టుకున్నాడు. ఆ పిల్ల చేతులు తొట్టికేసి కొట్టుకుంటున్నా వదల్లేదు. ఇంకాస్త ఆగితే చచ్చిపోయేది. ఇది మొదటిసారి కాదు. మా అందరి మెడలూ అతను ఒకసారైనా పట్టుకున్నాడు. దానికి ముఖం కడగడం అని పేరు పెట్టాడు."

వినోద్‌కుమార్ కుర్చీ వెనక్కి జరిగింది. చూ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. తర్షిణి ఆగలేదు. ఆగితే ఇక చెప్పలేదని ఆమెకి తెలుసు.

"ఈ సంగతి ఆఫీసుకి తెలుసు. తనూష రెండుసార్లు పైకి వెళ్లి చెప్పింది. పైన కూర్చునే హెచ్ ఆర్ ఆఫీసరు ఓపిక పట్టమంది, ఎక్కడా రాసుకోలేదు. ఆ ఆఫీసరు పేరు తర్షిణి. గురువారం ఆమె అద్దంలోంచి మొదటినుంచి చివరిదాకా చూసింది. చూస్తూ నిలబడింది. ఆమెని సాక్షిగా పిలవమని అడుగుతున్నాను."

టైపు చప్పుడు ఆగిపోయింది. "ఆ పేరు... రాయాలా?" అని క్వాలిటీ ఆమె ఎవరినీ చూడకుండా అడిగింది.

"అబద్ధం బాస్!" వినోద్‌కుమార్ లేచి బల్లమీద గుద్దాడు. గ్లాసులు ఎగిరాయి. పట్టీ కింద మళ్లీ రక్తం వచ్చి పైపెదవి మీదికి కారింది, తుడుచుకోలేదు. "నాకూ తెలుగు తెలుసు! ఆ ముసల్ది ఇవేవీ అనలేదు. రెండే రెండు ముక్కలు అంది. ఎందుకో నీకే తెలుసు, నువ్వే చెప్పు అంది. అంతే! ఇదంతా దీని కల్పన! దీన్ని..." అంటూ తర్షిణివైపు ఒక అడుగు వేశాడు. చెయ్యి పైకి లేచింది. తర్షిణి కదల్లేదు. ఈసారి ఆమె చేతిలో ఏమీ లేదు.

"కూర్చో," అన్నాడు చూ. ఆ గదిలో ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు. వినోద్‌కుమార్ తన చేతిని తానే చూసుకుని, దించి, కూర్చున్నాడు.

చూ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తర్షిణిని ఏమీ అడగలేదు. కూర్మమ్మవైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడివిడిగా, మలాయ్‌లో అడిగాడు.

"ఆంటీ, ఈమె ఇప్పుడు చెప్పిందంతా మీకు అర్థమైంది కదా? మీరు మాట్లాడింది కొంచెమే. ఈమె చెప్పింది చాలా ఉంది. ఇదంతా మీరే చెప్పారా?"

కూర్మమ్మ చీర కొంగు సర్దుకుంది. అంతవరకూ ముట్టుకోని మలాయ్‌లో, చేపల లైన్లో జీవితమంతా మాట్లాడిన మలాయ్‌లో, ఎక్కడా తడుముకోకుండా జవాబిచ్చింది.

"అంతా నేనే చెప్పాను. ఇంకా ఉంది. ఈ పిల్లని చెప్పనివ్వండి."

చూ క్వాలిటీ ఆమెకి సైగ చేశాడు. టైపు చప్పుడు మళ్లీ మొదలైంది. తర్షిణి గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగి, "నేను" అని మళ్లీ మొదలుపెట్టింది.